బోల్టు అడిగినంతే బిగించు

బిడ్డా, కల్హేర్‌లో బండ్ల రిపేరు షాపు పెట్టుకున్నావని తెలిసి మనసు నిండింది. నారాయణఖేడ్‌లో ఒకరి చేతికింద నేర్చుకున్న పని ఇప్పుడు సొంత ఊరికి అక్కరకొస్తోంది, ఇంతకన్నా ఏం కావాలి? పెద్దవాణ్ని కనుక నీకొక మాట చెప్పాలి. ఇంజను పని తేడా వస్తే బండి ఆగిపోతుంది, మనిషి నడిచైనా ఇల్లు చేరతాడు. ముందు ఫోర్కు పని తేడా వస్తే బండితో పాటు మనిషీ పడతాడు. అందుకే అక్కడి ప్రతి బోల్టునూ ఒక ప్రాణం అనుకుని ముట్టుకో.

మన దగ్గర బండి మోసే బరువు నీకు తెలియంది కాదు. అటూ ఇటూ పాల క్యాన్లు, వెనక ఎరువుల బస్తా, తండా నుంచి బడికి వచ్చే పిల్లలు ఇద్దరు. పొద్దున నల్లరేగడి చేన్ల బాటలో గుంతలు దూకిన బండే, మధ్యాహ్నానికి నిజాంపేట దగ్గర 161 నంబరు జాతీయ రహదారి ఎక్కి నాందేడ్ లారీల పక్కన పరుగెడుతుంది. అక్కడ ఒక్కసారి గట్టిగా బ్రేకు పట్టాడంటే బరువంతా ముందుకు ఒరుగుతుంది. ఆ బరువును రెండు ఫోర్కు గొట్టాలు, వాటిని పట్టి ఉంచే కొన్ని బోల్టులు, ముందు చక్రం ఇరుసు మోయాలి.

బోల్టే కదా అనుకోకు. 2018 జులైలో హోండా కంపెనీ మన దేశంలో 56,194 స్కూటర్లను వెనక్కి పిలిచింది. ఆ ఏడాది ఫిబ్రవరి 7 నుంచి మార్చి 16 దాకా తయారైన యాక్టివా 125, గ్రాజియా, ఏవియేటర్ బండ్లవి. కారణం ముందు ఫోర్కులోని ఒక బోల్టు. దాని ఉక్కు గట్టిదనం సరిగ్గా ఉందో లేదో చూడాలన్నారు. మరుసటి ఏడాది మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సుమారు 7,000 బులెట్ బండ్లను పిలిచి చూసింది. అక్కడ బ్రేకు కాలిపర్ బోల్టుల బిగింపు తమ ప్రమాణానికి సరిపోలేదని వాళ్లే చెప్పారు. ఒక చోట బోల్టు మీద అనుమానం, ఇంకో చోట బిగింపు మీద. యంత్రాలతో బిగించే పెద్ద ఫ్యాక్టరీలే ఇంత పట్టింపుగా ఉంటే, ఒంటిచేత్తో బిగించే మనం ఇంకెంత పట్టింపుగా ఉండాలి!

బోల్టు సంగతి ముందు చెప్తాను. ఫోర్కు బోల్టు పోతే డబ్బాలో దొరికిన ఏదో ఒకటి పెట్టి పంపకు. తలమీద 8.8, 10.9 అని ఉండే అంకెలు దాని బలాన్ని చెప్తాయి. మందం, పొడవు, మర సరిపోయినా బలం సరిపోకపోతే అది ఆ చోటికి పనికిరాదు. కంపెనీ బోల్టే తెప్పించు. బండి రెండు రోజులు షాపులో ఉండాల్సొస్తే ఉండనీ.

ఇక బిగింపు. బిగించినప్పుడు బోల్టు కంటికి కనపడనంతగా సాగుతుంది. సాగినది మళ్లీ దగ్గరికి రావాలని లాగుతుంది. గడ్డి బండికి కట్టిన మోకు బిగువే మోపును పట్టుకున్నట్టు, ఆ లాగుడే ఫోర్కును పట్టుకుంటుంది. తక్కువ బిగిస్తే లాగుడు చాలదు, గుంతల అదురుకు నట్టు వదులవుతుంది. ఎక్కువ బిగిస్తే ఉక్కు తన హద్దు దాటి సాగిపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. పైకి గట్టిగానే ఉన్నట్టుంటుంది కానీ లోపల సగం చచ్చిన బోల్టు అది. అల్యూమినియం భాగంలోకి దిగే బోల్టయితే మరే ఊడి వస్తుంది. తెగేదాకా లాగొద్దని మన పెద్దలన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ఎంత బిగించాలో అంకెల్లో చెప్తా విను. మామూలుగా 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు, 8 మిల్లీమీటర్ల దానికి 22 దరిదాపు. ఇరుసు నట్టుకు అంతకు రెట్టింపు పైనే ఉండొచ్చు. ఇవి బండిని బట్టి మారతాయి కనుక ఆ బండి సర్వీసు పుస్తకంలోని అంకెనే నమ్ము. పదిహేను సెంటీమీటర్ల పానా చివర పదిహేను కిలోల బలం పెడితే ఆ 22 వచ్చేస్తుంది. అదే పానాకు పైపు తొడిగి నలభై అయిదు సెంటీమీటర్లు చేసి అంతే బలం పెట్టావనుకో, 66 అవుతుంది. నీ చేతికి ఏమీ తెలియదు, బోల్టుకు తెలుస్తుంది. అందుకే ఫోర్కు దగ్గర పైపు ముట్టొద్దు. మొదటి సంపాదనలోంచి మంచి టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కో. నువ్వు పెట్టిన అంకె దగ్గర అది టక్కుమన్నాక ఆపేయి, అలవాటుకొద్దీ ఇంకో గుంజు గుంజకు. మరలకు నూనె పూస్తే రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు మరింత సాగుతుంది. పుస్తకం చెప్పిన చోట తప్ప నూనె పూయకు.

వరుస కూడా ముఖ్యమే బిడ్డా. బోల్టును ముందు వేళ్లతో నాలుగు చుట్లు ఎక్కించు, వేళ్లకు ఎక్కనిది పానాతో ఎక్కించకు. రెండు గొట్టాల ఎత్తూ సమానంగా ఉందో చూసి కింది బిగింపు బోల్టులు వెయ్యి. ఒకే చోట రెండు ఉంటే ఒకటి కొంచెం, రెండోది కొంచెం, మార్చి మార్చి బిగించు. డ్రమ్ము బ్రేకు బండిలో బ్రేకు ప్లేటు గాడి ఫోర్కు కాలి మీది మెట్టులో కూర్చుందో లేదో కళ్లతో చూడు. కూర్చోకపోతే బ్రేకు పట్టగానే ప్లేటు తిరిగి చక్రం పట్టేస్తుంది. ఇరుసు నట్టు బిగించి, బండిని నేల మీద నిలబెట్టి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను కిందికి నాలుగైదు సార్లు నొక్కు. ఫోర్కు కాళ్లు తమ చోట సర్దుకుంటాయి. ఆ తర్వాతే ఇరుసును పట్టే చిన్న బోల్టు బిగించు. తీసిన స్ప్లిట్ పిన్ను మళ్లీ వంచి పెట్టకు, కొత్తది వెయ్యి.

ఏ పనికి వచ్చిన బండైనా ముందు భాగం ఒకసారి చూసి పంపు. నడిమి స్టాండు వేసి ముందు చక్రం లేపి, ఫోర్కు కాళ్లను ముందుకీ వెనక్కీ ఊపు. టక్కున కొడితే హ్యాండిల్ మెడలోని కోన్‌సెట్ వదులైంది. హ్యాండిల్ తిప్పినప్పుడు మధ్యలో పట్టేసినట్టుంటే అది అరిగింది, లేదా ఎక్కువ బిగించారు. ఆయిల్ సీలు కారుతుంటే తుడిచి వదిలేయకు. ఆ నూనె బ్రేకు మీదికి చేరితే బ్రేకు పట్టదు. గుద్దుకుని వంగిన గొట్టాన్ని సుత్తితో సరిచేసి వెయ్యొద్దు, ఒకసారి వంగింది మళ్లీ అక్కడే లొంగుతుంది.

“నడుస్తది తియ్యన్నా, పైసల్లేవు” అని ఒత్తిడి చేసేవాళ్లు వస్తారు. మన ఊరివాళ్లే, తెలిసిన ముఖాలే. పైసలు పంట అమ్మాక తీసుకో, బేరం తగ్గించు, కానీ పని మాత్రం తగ్గించకు. అప్పు మోయొచ్చు కానీ, నీ చేతిమీదుగా పోయిన బండి కింద ఒకరు పడ్డారన్న బాధను మోయలేవు.

బిగించిన ప్రతి బోల్టు తల మీంచి పక్క భాగం మీదికి తెల్ల రంగుతో ఒక గీత గియ్యి. వారం తర్వాత ఒకసారి తెచ్చి చూపించమని చెప్పు, పైసలు తీసుకోకుండా చూసి పంపు. గీత విరిగినట్టు కనపడితే బోల్టు కదిలిందని నీకూ తెలుస్తుంది, బండి యజమానికీ తెలుస్తుంది. ఈ అలవాటు మొదటి బండి నుంచే పెట్టుకో, నీ దగ్గర పని నేర్చుకునే పిల్లలకూ నేర్పు. నీ చేతికి మంచి పేరు రావాలి, నీ షాపు పది కాలాలు నిలబడాలి బిడ్డా.