సహపంక్తి – శాకాహారం

మాంసం వండే భోజనశాలలో శాకాహారి కూర్చుండి భోజనం చేయవచ్చునా అన్న ప్రశ్న చూపునకు చిన్నది. ఇష్టమైతే కూర్చుండవచ్చును, లేకున్న మరొక చోటికి పోవచ్చును. ఇందులో ధర్మవిచారానికి తావెక్కడ ఉన్నదని అనేవారు ఉన్నారు. కాని భారతదేశంలో అన్నం ఎన్నడూ కేవలం అన్నంగా ఉండలేదు. ఎవరు వండినది, ఎవరు వడ్డించినది, ఎవరి సరసన కూర్చుండి తిన్నది అన్న మూడు ప్రశ్నలు ప్రతి విస్తరి చుట్టూ గీత గీస్తూ వచ్చినవి. అందుచేత ఈ చిన్న ప్రశ్నలో దయ, వ్రతం, శౌచం అనే మూడు వేర్వేరు విషయాలు ఒకే ముడిగా పడి ఉన్నవి. ముడి విప్పనిదే సమాధానం దొరకదు.

మాంసం ముట్టనివారందరూ ఒకే కారణంచేత ముట్టనివారు కారు. ఒకడు ప్రాణి బాధను తలచి మానుతాడు. మరొకడు తల్లికో గురువుకో ఇచ్చిన మాటకు కట్టుబడి మానుతాడు. మూడవవాడు మాంసం అశుచి అని, దాని స్పర్శచేత తాను మలినమవుతానని భావించి మానుతాడు. ఇంటిలో ఉన్నంత కాలం ఈ ముగ్గురి విస్తళ్ళూ ఒక్క తీరుగానే ఉంటాయి: అదే పప్పు, అదే కూర, అదే మజ్జిగ. వారి మధ్య భేదం బయటపడేది హోటలు గుమ్మం దగ్గరనే.

దయచేత మానినవానిని పీడించే సందేహం ఒకటి ఉన్నది. తాను తినేది పప్పూ రొట్టే అయినా, తాను ఇచ్చే రూకలు చేరేది మాంసం కొనే యజమాని పెట్టెలోనికే గదా? ఈ శంక తేలికగా తోసివేయదగినది కాదు. కొనేవాడు లేనిదే అమ్మేవాడు ఉండడన్న తర్కం తిరుక్కురళ్‌లో మాంసనిషేధాన్ని గూర్చిన 26వ అధ్యాయమంత పాతది. అయితే ఆ తర్కాన్ని తుదివరకు నడిపించి చూడవలెను. మాంసం తినే రైతు వద్ద బియ్యం కొనరాదు. మాంసం తినే నేతగాని బట్ట కట్టరాదు. అటువంటి వైద్యుని మందు పుచ్చుకొనరాదు. అంత దూరం పోయినవాడు లోకంలో ఉండలేడు. ఇంతకూ యజమాని లెక్క చూసుకొనేది ఏ వంటకం ఎంత అమ్ముడుపోయినదని. పప్పు అడిగేవారు పెరిగితే అతడు పప్పే ఎక్కువగా వండిస్తాడు. శాకాహారి లేచిపోయినందువలన వంటయింటిలో కోడి ఒక్కటీ బ్రతకదు. అయినను, దుఃఖంచేత అక్కడ కూర్చుండలేనివానిని తప్పుపట్టరాదు. శోకానికి తర్కంతో పని లేదు.

బౌద్ధసంఘం ఈ చిక్కును మరొక విధంగా ఎదుర్కొన్నది. భిక్షువు ఇంటింటా పాత్ర పట్టేవాడు. అందులో పడినది తినేవాడు. తన కొరకే చంపినట్లు కన్నది, విన్నది, అనుమానించినది కాకుంటే మాంసమైనా స్వీకరించవచ్చునని వినయనియమం. చేపను, మాంసాన్ని భిక్షువులందరికీ నిషేధించవలెనని దేవదత్తుడు కోరగా బుద్ధుడు అంగీకరించలేదు. ఆ నియమాన్ని తరువాతి మహాయాన సంప్రదాయం పలుచోట్ల కఠినం చేసినది. కాని మూలంలోని విచారణ గమనింపదగినది. అది పదార్థం ఏమిటని ఆగిపోలేదు. చంపడంలో నీ ప్రమేయం ఎంత అని అడిగినది.

వ్రతం చేత మానినవాని కథకు గాంధీజీ లండన్ జీవితమే ఉదాహరణ. 1888లో ఓడ ఎక్కేముందు ఆయన మాంసం ముట్టనని తల్లి ఎదుట ప్రమాణం చేసినాడు. ఒకనాడు ఒక మిత్రుడు నాటకానికి పోయేముందు ఆయనను హోల్బర్న్ అనే పెద్ద భోజనశాలకు తీసుకొనిపోయినాడు. మొదట సూప్ వచ్చినది. అది దేనితో చేసినదో తెలియలేదు. మిత్రుని అడగడానికి జంకి, వడ్డించేవానిని పిలిచినాడు. మిత్రునికి ఆగ్రహం వచ్చినది. సభ్యసమాజంలో మెలగడం చేతకాకపోతే బయటకు పోయి మరొక చోట తిని రమ్మన్నాడు. గాంధీజీ సంతోషంగానే బయటకు వచ్చినాడు. దగ్గరలోని శాకాహార భోజనశాల మూసి ఉన్నది. ఆ రాత్రి పస్తుండి, మిత్రునితో కలిసి నాటకానికి పోయినాడు.

ఇందులో ఎవరు ఏమి పోగొట్టుకొన్నారో చూడవలెను. గాంధీజీ ఒక పూట అన్నం పోగొట్టుకొన్నాడు; వ్రతం నిలిచినది, మిత్రుడూ నిలిచినాడు. ఆయన లోపలికి పోవడానికి వెనుదీయలేదు, ఎదుటివాని పళ్ళెం వంక చూచి ముఖం చిట్లించలేదు. అడిగినది ఒక్కటే: నా పాత్రలో ఉన్నదేమిటి? తరువాతి రోజులలో ఆయన గ్రుడ్డు మాంసం క్రింద లెక్కకు వచ్చునా అని విచారించినాడు. రాదనే నిర్వచనం కూడా ఆంగ్ల శాకాహారులలో ఉన్నది. కాని ప్రమాణం చేయించుకొన్న తల్లి ఆ మాటకు ఏ అర్థం చెప్పుకొన్నదో అదే తనకు ప్రమాణమని నిశ్చయించినాడు. దానితో శాకాహార భోజనశాలలలో సైతం ప్రతి తీపి వంటకాన్ని గురించీ, ఇందులో గ్రుడ్డు ఉన్నదా అని అడుగవలసి వచ్చినది. బోర్డు చూచి లోపలికి పోయినంతమాత్రాన వ్రతం తీరదు. వ్రతానికి కావలసినది సత్యం.

ఇక శౌచం. ‘శుద్ధ శాకాహార భోజనశాల’ అని ఉత్తరదేశమంతటా బోర్డులు కనిపిస్తాయి. ఇందులోని ‘శుద్ధ’ అన్న మాట రెండు ఇళ్ళ మనిషి. నేతి కొట్టులో శుద్ధమంటే కల్తీ లేనిదని అర్థం. మడిగదిలో శుద్ధమంటే ఇతరులు ముట్టనిదని అర్థం. మొదటి అర్థంలో బోర్డు ఒక నిజం చెప్పుతున్నది. రెండవ అర్థంలో ఒక మనిషిని గుమ్మం బయట నిలుపుతున్నది. నీటితో ఉడికిన కచ్చా అన్నం స్వజాతివారి చేతినుండియే తినవలెనని, నేతిలో వేగిన పక్కా వంటకం మరికొందరి చేతినుండి తినవచ్చునని హిందీ దేశంలో ఆచారం ఉండేది. అక్కడ పదార్థం ఒకటే గోధుమపిండి, మారేది చేయి. మాంసం ప్రసక్తి లేని చోట కూడా అశుచి ఉండగలిగినదంటే, ఆ అశుచికి మూలం మాంసం కాదని తేలుతున్నది.

దక్షిణాన 1957లో మద్రాసులో హోటలు బోర్డులపైనుండి ‘బ్రాహ్మణ’ అన్న మాటను చెరిపివేయవలెనని పెరియార్ ఉద్యమం నడిపించినాడు. అప్పటికే రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ళను, భోజనశాలలను కులమత భేదం లేక అందరికీ తెరచినది. తలుపు తెరచుకొన్నది గాని పాతభావం పూర్తిగా పోలేదు. జొమాటో అనే ఆహార సరఫరా సంస్థ శాకాహారుల కొరకు ఆకుపచ్చ దుస్తుల పంపిణీదారులను వేరుగా పెట్టబోతున్నట్లు 2024 మార్చి 19న ప్రకటించినది. విమర్శ చెలరేగగా మరునాడే ఆ రంగుభేదాన్ని విడిచినది. ఎరుపు దుస్తులవానిని మాంసం తెచ్చేవానిగా గుర్తించి కొన్ని గృహసముదాయాలవారు గేటు వద్దనే ఆపుదురన్న భయం దానికి కారణం. మూసిన పొట్లంలోని వంటకం దానిని మోసిన మనిషికి అంటుకొనడం జీవకారుణ్యం కాదు. అది పాత అంటే, కొత్త దుస్తులు వేసుకొన్నది.

2014 నాటి ప్రభుత్వ సర్వేలో, పదునైదేండ్లు దాటిన భారతీయులలో నూటికి సుమారు 71 మంది మాంసాహారులని తేలినది; తెలంగాణలో ఆ సంఖ్య 98కి పైబడినది. మాంసం తినేవాని సరసన కూర్చుండనన్నవాడు దేశంలో అత్యధికుల సరసన కూర్చుండనన్నట్లే.

ఆరణ్యపర్వంలో కౌశికుడనే తపస్వి ధర్మం తెలుసుకొనడానికి మిథిలానగరం పోయి, మాంసం అమ్మే అంగడి ముందు నిలిచినాడు. ధర్మవ్యాధుడు తాను చంపడు, తినడు, కులవృత్తిగా అమ్ముతాడు. అతని వృత్తిని సమర్థించడం ఎంతవరకు న్యాయమన్నది వేరే చర్చ. కాని కౌశికుడు ఆ అంగడి వాసనకు వెనుదిరిగి ఉంటే ఆ ఉపదేశం వినగలిగేవాడు కాడు.

ఇంత చెప్పి శాకాహారిదే భారమంతా అనడం అన్యాయం. చేపలు వేగిన నూనెలో వడలు వేయించి, కోడి ఉడికిన నీటితో కాయగూరల సూప్ చేసి, అడిగినవానికి ‘ఏమీ కలవలేదు’ అని చెప్పే యజమాని రుచిని కాదు, విశ్వాసాన్ని దొంగిలిస్తున్నాడు. వేరే మూకుడు, వేరే గరిటె కొనడానికి అయ్యే ఖర్చు స్వల్పం. అవి లేనప్పుడు లేవని చెప్పడానికి ఖర్చే లేదు. అట్లే, ‘ఒక్క ముక్కతో ఏమవుతుంది’ అని పరిహాసమాడే మిత్రుడు తన ఉదారబుద్ధిని ప్రకటిస్తున్నాననుకొంటాడు. నిజానికి అతడు కూడా ఎదుటివాని విస్తరిలో చేయి పెడుతున్నాడు. వాసనకు కడుపు త్రిప్పేవాడు కొంచెం దూరంగా కూర్చుండవచ్చును, అది శరీరధర్మం. దానికి శాస్త్రం తోడు తెచ్చుకొననక్కరలేదు, దానికి క్షమాపణా అక్కరలేదు.

కనుక గుమ్మం దగ్గర నిలిచిన శాకాహారి మొదట తనను తానే ప్రశ్నించుకొనవలెను. తనను ఆపుతున్నది చచ్చిన ప్రాణియా, ఇచ్చిన మాటయా, లేక ప్రక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషియా? మొదటిదైతే అతని దుఃఖం గౌరవింపదగినది. రెండవదైతే వంటవానిని అడిగి నిజం తెలుసుకొని తినవచ్చును, లేదా పస్తుండవచ్చును. మూడవదైతే అతడు మానవలసినది మాంసం ఒక్కటే కాదు.