రెండు సింహాసనములు

నారాయణఖేడునకు పడమట నున్న కల్యాణమున, పన్నెండవ శతాబ్దమునందు, రెండు సింహాసనము లుండెను.

సామంతుడైన కలచురి బిజ్జలుడు చాళుక్యుల సింహాసనమును బలిమిచే గైకొనెను. 1167లో అతని యేలుబడి ముగియగా, సోమిదేవుడు, శంకముడు, ఆహవమల్లుడు, సింఘణుడు అను కుమారులు ఒకరి పిదప నొకరు పట్టమెక్కిరి. ఇరువదేండ్లు నిండకమునుపే రాజ్యము మరల చాళుక్యుల వశమైనది. జన్మమే హక్కైనచో బిజ్జలునికి అది లేదు. బలమే హక్కైనచో కుమారులు వారసత్వమును చెప్పుకొన వీలులేదు.

రెండవది అనుభవమంటపమునందలి శూన్యసింహాసనము. బసవేశ్వరుడు దానిపై తన బంధువును గాక, అనుభావియైన అల్లమప్రభువును గూర్చుండజేసెనని సంప్రదాయము. మొదటిది అంతరించినది, రెండవది నేటికిని స్మరింపబడుచున్నది.

ఇంటి పెత్తనమునకై తగవుపడు అన్నదమ్ములైనను, పీఠమునకు ఉత్తరాధికారిని వెదకు మఠమైనను, "ఎవరికి చెందును?" అనుటకు ముందు "ఎవరు మోయగలరు?" అని యడుగవలెను.