చనిపోని వాళ్ల సంగతి

ఉద్దానంలో ఆడది చరిత్రలోకి రావాలంటే చనిపోవాలా? మందస జమీందారీ రైతుపోరాటంలో 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పులకు బలైన సాసుమాన గున్నమ్మ వీరగున్నమ్మ అయింది. 1969 మేలో భర్త కృష్ణమూర్తిని కాల్చి చంపినా వెనక్కి తగ్గని పంచాది నిర్మల, ఆ డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహితో పాటు తానూ హతమై అమరుల వరసలో చేరింది. ఇద్దరి పట్లా నాకు గౌరవమే. నా ప్రశ్న మిగిలిన వాళ్ల గురించి.

ఆ రోజుల్లో బొడ్డపాడు చుట్టుపక్కల ఊళ్లలో రాత్రివేళ తలుపు తట్టిన వాళ్లకి ఇంత గంజి పోసి, తెల్లారి పోలీసులొస్తే "మాకేటీ తెల్దు బాబూ" అన్న స్త్రీని ఏమనాలి? పార్టీ భాషలో ఆమె సానుభూతిపరురాలు. అంటే పోరాటానికి బయటి మనిషి. చిత్రమేమంటే, ప్రభుత్వం ఆమెను అంతకంటే సీరియస్‌గా తీసుకుంది. అప్పటి భారత శిక్షాస్మృతి 52-ఎ సెక్షను 'ఆశ్రయం' అన్న మాటను వివరిస్తూ తిండినీ, బట్టనీ, ఆయుధాలనూ ఒకే వాక్యంలో చేర్చింది. వంటను రాజకీయ చర్యగా గుర్తించింది ఉద్యమం కాదు, శిక్షాస్మృతి!

తెలుగు స్త్రీలు కమ్యూనిస్టుల పాలన లాంటిదాన్ని చూసింది తెలంగాణలో, 1946-51 మధ్య. పార్టీ లెక్కలో 3,000 గ్రామాలు. వెట్టి ఆగింది, భూమి పంచారు. కానీ స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో వినిపించే బాధ వేరు. పోరాటం ఆగాక ఇంటికి వెళ్లిపొమ్మన్నారు. ఏ ఇంటికి?

అలాగని గంజి పోసిన ప్రతి స్త్రీనీ వీరనారిని చేసేయాలన్న మన పరిశోధకుల తొందర కూడా నాకు నచ్చదు. ఆ గంజిలో ఇష్టమెంత, భయమెంత, కొడుకు ఈడు కుర్రాడన్న జాలి ఎంత? ఆమెకే విడదీసి చెప్పడం కష్టమేమో. వద్దనుకుంటూనే పెట్టి ఉంటే, ఆ వద్దనుకోవడం కూడా ఆమెదే. బిరుదు ఇచ్చి దాన్ని లాక్కోకూడదు. అయినా ఉద్యమం ఆమెకు బాకీ పడింది. ఇష్టం లేకుండా ఇచ్చిన అప్పు కూడా అప్పే కదా.

ఆ తర్వాత ఆమె బతికింది. కొబ్బరి తోటల్లో, పలాస జీడిబట్టీల్లో. పెంకులోని నూనె చేతుల్ని కాలుస్తుందని బూడిద రాసుకుని గింజలు కొట్టింది. ఆ బతుకుని ఏ అధ్యాయంలో పెట్టాలో మన పుస్తకాలకి ఇంకా తెలియదు.