రేపటి పక్క

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు సైరన్ వినపడేంత దూరంలో ఒక వృద్ధాశ్రమం ఉండేది. నెలకింత అని తీసుకుని నడిపేదే. అందులో ఒక అవ్వ. ఒకప్పుడు మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగిన మనిషి, ఇప్పుడు నడుము కింద కదలిక లేదు. కొడుకూ కోడలూ ఇద్దరివీ షిఫ్టు డ్యూటీలు. అయినా కొడుకు ఏ నెలా పైసలు ఆపలేదు.

అవ్వకు నడుము దగ్గర పుండు పడింది. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పడే పుండే. పగటి ఆయమ్మ చూసి ఊరుకోలేక న్యాయసేవల 15100 నంబరుకు ఫోన్ కొట్టింది. సంగారెడ్డి నుంచి ఒక వకీలమ్మ వచ్చింది.

మేనేజరు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు. కబురందుకుని కొడుకూ ఉరికొచ్చాడు.

"మేడం, కేసు గీసు ఏమొద్దు. వీళ్లతోని లొల్లి పెట్టుకుంటే రేపు అమ్మను యాడ పెట్టాలె?"

మేనేజరు అందుకున్నాడు: "సంతకం పెట్టింది సారు, పైసలు కట్టేది సారు. సారుకే లేని ఫిర్యాదు ఇంకెవరికుంటది?"

వకీలమ్మ కుర్చీని మంచం దగ్గరికి జరుపుకుంది. "అవ్వా, నీకేం కావాలె?"

అవ్వ కాసేపు మాట్లాడలేదు. ఆ మాట అడిగినవాళ్లు లేరు మరి.

"పుండు ఎప్పటికో మానుతది బిడ్డా. రాత్రి పిలిస్తే పలికేటోళ్లు లేరు. నలుగురం ముసలోళ్లం పిలుస్తం, ఒక్కలు రారు. గది రాసుకో."

అప్పుడు తెరిచింది వకీలమ్మ రిజిస్టరు. రెండు గంటలకో టిక్కు, అన్నీ ఒకే నీలం సిరా, ఒకే వాటం. గోడ గడియారంలో పొద్దున పదకొండు. రిజిస్టరులో మాత్రం సాయంత్రం ఆరింటి టిక్కు ఉంది, అర్ధరాత్రి రెండింటిదీ ఉంది, తెల్లారి ఆరింటిదీ ఉంది.

"రేపటి పక్క గూడ ఇయ్యాలనే మార్చిన్రా?" అంటూ ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అవ్వ వేలిముద్రతోనే ఫిర్యాదు పడింది. కొడుకు నెల రోజులు ముఖం మాడ్చుకున్నాడు. తీర్పు ఏమొచ్చిందో కథకు అక్కర్లేదు. ఆశ్రమానికి రాత్రి ఆయమ్మ మాత్రం ఫిర్యాదు పడ్డ వారమే వచ్చింది.

నీతి: పైసలు కట్టినవాడు ఊరుకున్నంత మాత్రాన పుండు పడ్డవాళ్ల ఫిర్యాదు చెల్లకుండా పోదు.

ఇది కథ కోసం అల్లిన నీతి కాదు, చట్టంలో ఉన్నదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు కట్టినవాడే కాదు, అతని సమ్మతితో ఆ సేవ పొందే మనిషి కూడా వినియోగదారే. మేనేజర్లకు ఈ ముక్క తెలియదనుకోను, తెలిసే కొడుకులతో మాట్లాడతారు. చాలామంది 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం పట్టుకుని ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. అక్కడుండే ట్రిబ్యునల్ ముఖ్యంగా పిల్లల నుంచీ, వారసుల నుంచీ పోషణ ఇప్పించడానికి. పైగా అక్కడ వకీళ్లు వాదించకూడదని ఆ చట్టం 17వ సెక్షనే అంటుంది.

అమెరికాలో నర్సింగ్ హోమ్ కేసులు పట్టే వకీళ్లు గెలిస్తే పరిహారంలో వాటా తీసుకుంటారు, ఓడితే ఫీజు అడగరు. మన బార్ కౌన్సిల్ నియమాలు ఆ పద్ధతిని ఒప్పుకోవు. వాటా బేరం మనకు వద్దనే నేనూ అంటాను. కానీ అవ్వల కేసులకు వకీళ్లు దొరకడం కష్టం కావడానికి అదొక కారణమే. ఆ లోటుకు 1987 న్యాయసేవల చట్టంలో ఒక దారి ఉంది: ఆడమనిషైతే ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును అడగొచ్చు.

ఫిర్యాదు వేయడానికి రెండేళ్ల గడువుంటుంది. రిజిస్టరు ఫొటో మాత్రం వెళ్లిన పూటే తీసుకోవాలి, మర్నాటికి కొత్త రిజిస్టరు తయారైపోతుంది.