విడిచిపోయే హక్కు
1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన ఏ దేశాన్నయినా విడిచిపోయే హక్కును మనిషికి ఇచ్చింది. మరొక దేశంలో అడుగుపెట్టే హక్కును ఇవ్వలేదు. విడిచినవాడు ఎక్కడికి పోవాలి, ఆకాశానికా?

1952 నాటి అమెరికా వలసచట్టం చూడండి. చదువుకోసం వెళ్తానన్నవాణ్ణి కూడా, కాదని కాన్సలు అధికారికి రుజువుచేసేదాకా, స్థిరపడటానికి వస్తున్నవాడిగానే ఎంచుతుంది. కోర్టులో దొంగకైనా నిర్దోషి అన్న ఊహ రక్షణగా వున్నది. మన విద్యార్థికి అదీ లేదు.

తిరిగివస్తాడనడానికి రుజువేమిటి? ఇల్లు, పొలం, బ్యాంకు నిల్వ. కౌలురైతు కొడుకు తల్లిమీది మమకారాన్ని ఏ దస్తావేజులో చూపగలడు? కనుక అప్పుసొమ్మును నాలుగునాళ్ళు ఖాతాలో నిలుపుతాడు. అది అబద్ధమే, కాదనను. అయితే ఆస్తిలేనివాడి మాటకు విలువలేని చోట నిజం చెప్పే స్తోమత ఎవరికి వున్నది? చిలుకూరులో వీసాకోసం ప్రదక్షిణలు చేసేవారిని చూసి నేనూ ఒకప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వలేను. తిరస్కరణపై అప్పీలు లేదు. మళ్ళీ రుసుము కట్టి మళ్ళీ నిలబడవలసిందే.