వేషంలో పలికిన మాట ఎవరిది?



గత వేసవి సెలవుల్లో ఒక ఆదివారం ఆరాధన అయిన తరువాత, మా అంబత్తూరు సంఘంలోని ఒక దంపతులు తమ కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చారు. తండ్రి పారిశ్రామికవాడలో లేతు మిషను మీద పనిచేస్తాడు. పిల్లవాడు పదకొండవ తరగతి చదువుతున్నాడు.

"మాస్టారూ, వీడు కంప్యూటరులో ఏదో ఆట ఆడుతూ ఎవరో అమ్మాయిని ఏడిపించాడట. ఎందుకన్నావురా అంటే, 'అన్నది నేను కాదు, నా పాత్ర' అంటున్నాడు. దీనికి మాకు జవాబు తోచలేదు. మీరే చెప్పండి" అన్నది తల్లి.

మాకూ వెంటనే జవాబు తోచలేదు. డబ్బు పందెం ఆట కాబోలు అనుకొన్నాము. అట్టి ఆటల మీద తమిళనాడులో 2022 నాటి చట్టమున్నది, 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. అయితే ఇందులో పందెమూ లేదు, తుపాకి మోతా లేదు, బొమ్మ కూడా లేదు. ఉన్నదంతా వ్రాతే. ఒకడు రాజు, ఒకతె వైద్యురాలు, ఇంకొకడు దొంగ. ఎవరి పాత్ర పలుకులు, చేతలు వారు టైపు చేస్తారు. అందరూ కలిసి నడిపే కథ అది. ఇట్టి ఆటలు కొత్తవి కావు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి 'మడ్' అనే ఆటను మొదలుపెట్టాడు. రిచర్డ్ బార్టిల్ అనే తోటి విద్యార్థి దానిని పెంచి పూర్తి చేశాడు. తరువాత వచ్చినవాటిలో చాలా భాగం దాని సంతతే.

"ఆటకు నియమాలున్నవా?" అని అడిగాము. ఉన్నవన్నాడు. చదివి తెలుగులో చెప్పమన్నాము. వాడు ఫోను తీసి ఒక్కొక్కటిగా చెప్పాడు. నీ పాత్ర ఏమి చేస్తుందో నీవు వ్రాయి గాని, ఎదుటివాని పాత్ర ఏమి చేసిందో వాని అనుమతి లేకుండా వ్రాయరాదు. నీ కత్తి దూసితినని వ్రాయవచ్చును, అతని తల తెగెనని వ్రాయరాదు. ఆటకు వెలుపల నీవు తెలుసుకొన్న సంగతిని ఆటలో నీ పాత్రకు తెలిసినట్టు వాడరాదు. ఒక్కడే రెండు పేర్లతో చేరి తనకు తానే సాయం చేసికొనరాదు. హింస ఎక్కువగా ఉండే ఘట్టానికి ముందు ఎదుటివారి సమ్మతి అడగాలి. ఎవరైనా ఆపమంటే కథ ఎంత రసవత్తరంగా ఉన్నా ఆపాలి. పాత్ర మీద కోపాన్ని మనిషి మీద చూపరాదు.

నిజం చెప్పవలెనంటే, మాకు ఆశ్చర్యం కలిగింది. మా సంఘపు వాట్సాప్ గ్రూపుకు ఇన్ని మంచి నియమాలు లేవు.

"మరి వీటిలో నీవు దేనిని మీరినావు, నాయనా?"

"ఏదీ మీరలేదు మాస్టారూ. నా రాజు దుర్మార్గుడు. దుర్మార్గుడు దుర్మార్గంగానే మాట్లాడాలి కదా. బాగా వ్రాశావని ఇద్దరు మెచ్చుకొన్నారు కూడా."

ఈ మాటలో కొంత న్యాయమున్నది. తెలుగు బైబిలులో 'వేషధారి' అనే మాట మనకందరికీ తెలిసినదే. దానికి మూలమైన గ్రీకు మాటకు మొదటి అర్థం నాటకంలో పాత్రధారి అని. అయినంతమాత్రాన వేషం వేసిన ప్రతివాడూ కపటి అయిపోడు. ప్రతి క్రిస్మసు నాటికలోనూ హేరోదు వేషం ఎవరో ఒకరు వేయవలసినదే. గొంతు పెద్దదని ఆ మనిషిని ఎన్నుకొనేది మనమే. పసిపిల్లలను చంపించమని వేదిక మీద అరచినవాడే కాసేపటికి మనకు బిర్యానీ వడ్డిస్తాడు. వానిని ఎవరమూ తప్పుపట్టము. 1885లో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక సమాజాన్ని తలచుకొనండి. ఒకే కుటుంబాల వారు వేదిక మీద పగవారై నిలిచారు, తెర పడిన తరువాత ఒకే పంక్తిలో భోజనానికి కూర్చొన్నారు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజుల్లో కూడా, పిల్లలచేత పాత్రలు వేయిస్తే పాఠం మనసుకు పడుతుందని మాకు నేర్పారు. కనుక 'ఆట మానివేయి' అని మొదట నోటిదాకా వచ్చిన మాటను మేము మింగివేశాము.

అయితే నాటకానికీ ఈ ఆటకూ ఒక భేదమున్నది. నాటకంలో మాటలు కవి ముందే వ్రాసిపెట్టాడు. ఎదుటి పాత్రధారికి తన మీద ఏ మాట పడబోతున్నదో తెలుసు. రిహార్సలులో పదిసార్లు విన్నాడు, ఒప్పుకొనే వేదిక ఎక్కాడు. ఈ ఆటలో అట్టి ప్రతి లేదు. మాట అప్పటికప్పుడు పుడుతుంది, పుట్టించేది ఆటగాడే. నాటకంలో ప్రతి చేసే పనిని ఇక్కడ నియమాలు చేయాలి. కాబట్టి నియమం వినోదానికి అడ్డం కాదు, నమ్మి ఆడటానికి ఆధారం.

"ఇంతకూ నీ రాజు ఏమన్నాడు?" అని అడిగాము. వాడు కొంచెం సేపు తటపటాయించి చెప్పాడు. ఆ అమ్మాయిది వైద్యురాలి పాత్ర. నిండు సభలో రాజు ఆమెతో, 'కన్నతండ్రిని కాపాడుకోలేని దానవు, నా సైనికులను ఏమి కాపాడుతావు?' అన్నాడట.

"కథలో ఆ వైద్యురాలి తండ్రి చనిపోయాడా?"

"లేదు. బ్రతికే ఉన్నాడు."

"మరి ఎవరి తండ్రి చనిపోయాడు?"

పిల్లవాడు తల వంచుకొన్నాడు. ఆటగాళ్లు తమ సొంత మనుషులుగా మాట్లాడుకొనే చోటు వేరే ఒకటున్నది. అక్కడ ఆ అమ్మాయి, తన తండ్రి కిందటి యేడు చనిపోయాడనీ, రాత్రిళ్లు నిద్రపట్టక ఈ ఆటలోకి వస్తున్నాననీ చెప్పుకొన్నదట.

చదువరులారా, ఇక్కడ మాకు దారి కనబడింది. ఆ సంగతి రాజుకు తెలియదు. రాజు ఉన్న లోకంలో ఆ చావు జరుగనే లేదు. తెలిసినది మన కుర్రవాడికి. తగిలినది కూడా వైద్యురాలికి కాదు, ఆమె తండ్రి క్షేమంగానే ఉన్నాడు. తగిలినది నిద్రపట్టని ఆ పిల్లకు. మాట బయలుదేరినది మనిషి దగ్గర, చేరినది మనిషి దగ్గర. మధ్యలో పాత్ర కవరు మాత్రమే. వెలుపలి సంగతి లోపల వాడరాదనే నియమం గెలుపు ఓటములలో మోసం జరుగకుండా పెట్టినదని వాడు అనుకొన్నాడు. అదే నియమం మనిషి గుండెకు కూడా కాపలా అని వానికి తోచలేదు.

"ఉత్త మాటలే కదా, ఫోను కట్టేస్తే పోదా?" అని కొందరు అడుగవచ్చును. ఆకాశరామన్న ఉత్తరాలు కూడా ఉత్త మాటలే. ఒంటిమీద దెబ్బ పడకుండానే వాటివల్ల చెడిన పెండ్లి సంబంధాలు మనలో పెద్దలు ఎరుగుదురు.

దీనికి పేరుపొందిన ఒక దృష్టాంతమున్నది. అమెరికాలో 1990లో పావెల్ కర్టిస్ అనే ఆయన 'లాంబ్డామూ' అనే వ్రాతల లోకాన్ని నెలకొల్పాడు. మీలో మీరే సర్దుకొనండి అని 1992 డిసెంబరులో నిర్వాహకులు తగవుల నుండి తప్పుకొన్నారు. 1993లో ఒక ఆటగాడు ఒక ఉపాయంతో, ఇతరుల పాత్రలు తామే నీచమైన పనులు చేస్తున్నట్టు వ్రాతలు పుట్టించాడు. స్త్రీలను అవమానించాడు. అంటే తన నోటితో తిట్టుట చాలక, వారి నోరే లాగుకొన్నాడు. బాధితులలో ఒకామె ఆ సంగతి వ్రాస్తూ కన్నీరు పెట్టుకొన్నదని జూలియన్ డిబెల్ అనే పత్రికా రచయిత అదే యేడు ప్రకటించిన వ్యాసంలో చెప్పాడు. సభ్యులు కూడి గంటలకొద్దీ వాదించుకొన్నా తీర్మానం కుదరలేదు. చివరికి ఒక నిర్వాహకుడు తన యిష్టానికే వాని పాత్రను తొలగించాడు. ఆ తరువాత విన్నపాలు, ఓట్ల పద్ధతి పెట్టారు. అదీ సరిగా సాగక 1996లో నిర్వాహకులు మరల పగ్గాలు పట్టుకొన్నారు. ఇక ఆ తొలగింపబడినవాడు కొద్దికాలానికే వేరే పేరుతో తిరిగి వచ్చాడు.

సంఘ వ్యవహారాలు ఎరిగిన మనకు ఇదంతా వింత కాదు. నియమం లేనిచోట మంచివారు కూడి కూడా ఏమి చేయాలో తోచక నిలబడ్డారు. నియమమూ, ఓటూ వచ్చిన తరువాత కూడా పని పూర్తి కాలేదు. పేరు మార్చుకొని వచ్చేవానిని ఏ శిక్షా పట్టుకొనలేదు. 'ఆ మాట నాది' అని వాడే ఒప్పుకొనవలెను. అది బయటనుండి ఎవరూ చేయించలేరు.

కుర్రవానికి మేము శిక్ష ఏదీ చెప్పలేదు. "రాజు చేత క్షమాపణ చెప్పించవద్దు. నీ పేరుతో నీవు వ్రాయి. నాకు తెలిసే అన్నానని వ్రాయి" అన్నాము. ఆ రాత్రే వ్రాశాడని తల్లి చెప్పింది. జవాబు రాలేదు. ఆ అమ్మాయి ఆటలోకి కూడా తిరిగి రాలేదని తరువాత విన్నాము. వాడు ఆడటం మానలేదు. రాజు ఇంకా దుర్మార్గుడేనట. అయితే కఠినమైన ఘట్టం వ్రాయబోయే ముందు, పక్కన ఎదుటివానిని 'వ్రాయనా?' అని అడుగుతున్నాడట.

తలిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లలను 'ఏమి ఆట?' అని అడిగి ఊరుకొనకండి. 'అవతల ఉన్నది ఎవరు?' అని కూడా అడగండి. పెద్దలమైన మనము సైతం, అసోసియేషన్ కార్యదర్శిగానో, కమిటీ సభ్యుడుగానో కఠినంగా మాట్లాడి, 'అన్నది నేను కాదు, నా హోదా' అని చెప్పుకొన్న సందర్భాలు ఉన్నవి. మా మట్టుకు మాకు రెండు మూడు జ్ఞాపకం వచ్చినవి. వాటిలో ఒకరికి మేము ఇంకా ఉత్తరం వ్రాయవలసియున్నది.