అనుభవాన్ని గంటలతో తూచవచ్చునా?

పాడగా పాడగా రాగం అన్నారు. ఎంత పాడితే రాగమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. అమెరికా ప్రభుత్వం విమాన చోదకుల విషయంలో ఆ లెక్క చెప్పింది: 1500 గంటలు. చెప్పి, కొందరికి అందులో తగ్గింపు కూడా ఇచ్చింది. ఈ తగ్గింపు న్యాయమా కాదా అన్న ప్రశ్న చూడటానికి చిన్నది. కాని అనుభవమంటే ఏమిటి, దాన్ని సంపాదించే అవకాశం ఎవరికున్నది, దాని ఖర్చు ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలు దీని వెనక ఉన్నాయి.

ముందు సంగతి చెబుతాను. 2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటిమీద కూలింది. విమానంలోని 49 మందీ, ఇంట్లో ఒకరూ చనిపోయారు. వేగం పడిపోతున్నదని యంత్రం హెచ్చరించినప్పుడు విమానం ముక్కును కిందికి దించవలసిన కెప్టెన్ పైకి లాగాడని విచారణలో తేలింది. మృతుల కుటుంబాలు పట్టుబట్టి పోరాడిన మీదట 2010లో చట్టం, 2013లో నిబంధనలు వచ్చాయి. అంతకుముందు సుమారు 250 గంటలతో కోపైలట్ కాగలిగినవాడికి ఇక 1500 గంటలు కావాలి. అయితే సైన్యంలో శిక్షణ పొందినవాడికి 750 చాలు. విమానయానం ప్రధాన విషయంగా నాలుగేళ్ల పట్టా పుచ్చుకున్నవాడికి 1000, రెండేళ్ల పట్టా అయితే 1250. ఈ తగ్గింపు సర్టిఫికెట్‌తో కోపైలట్‌గా పనిచెయ్యవచ్చుగాని కెప్టెన్ కావటానికి వీల్లేదు.

ఇందులో ఒక వైరుధ్యం కొట్టవచ్చినట్టు కనబడుతుంది. కూలిన విమానం నడిపిన ఇద్దరికీ 1500 గంటలకు మించిన అనుభవమే ఉంది! కోపైలట్ పడమటి తీరాన సియాటిల్ ప్రాంతంలో ఉంటూ, డ్యూటీ కోసం రాత్రంతా విమానాల్లో ప్రయాణం చేసి తూర్పు తీరానికి వచ్చింది. ఆమె జీతం ఎంత స్వల్పమో విచారణలో బయటపడింది. విశ్రాంతిని గురించి తరవాత నిబంధనలు వచ్చిన మాట నిజమే. జీతం జోలికి మాత్రం చట్టం పోలేదు. గంటలు లెక్కపెట్టటం సులభం. శ్రమకు ఇచ్చే ప్రతిఫలాన్ని ప్రశ్నించటం కష్టం. పాలకవర్గాలు సులభమైన లెక్కనే ఎంచుకుంటాయి.

అంటే గంటలకు విలువ లేదని కాదు. పరిమాణంలో వచ్చే మార్పు ఒక దశలో గుణంలో మార్పుగా పరిణమిస్తుందని మనం చెప్పుకుంటూనే ఉంటాం. కాని నీరు కాగాలంటే పొయ్యిమీద ఉండాలి. పొయ్యి పక్కన ఎన్ని గంటలుంచినా కాగదు. ప్రకటన గుడ్డను విమానం తోకకు కట్టుకుని ఎండ కాసే రోజున ఊరిచుట్టూ తిరిగిన గంటా, మంచు కురిసే రాత్రి నిపుణుడి పక్కన కూర్చుని దిగటం నేర్చుకున్న గంటా చట్టం లెక్కలో ఒకటే. కనక క్రమబద్ధమైన చదువు కొన్ని గంటలకు బదులు కాగలదన్న సూత్రం సరైనదే. దాన్ని నేను అంగీకరిస్తాను.

నా అభ్యంతరం సూత్రంమీద కాదు, దాన్ని అమలుచేసే పద్ధతిమీద. పట్టా కోసం పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవాణ్ణి గనక పట్టాకూ జ్ఞానానికీ మధ్య ఎంత దూరముండగలదో నాకు తెలుసు. 1000 గంటల తగ్గింపుకు పట్టా ఒక్కటే చాలదు; విమానం నడపటం కూడా ఆ కళాశాలలోనో, దానితో ఒప్పందమున్న శిక్షణాలయంలోనో నేర్చుకోవాలి. అదే విద్యను పల్లెటూరి విమానాశ్రయంలో, చేతికి డబ్బు చిక్కినప్పుడల్లా నేర్చుకున్న కార్మికుడి కొడుక్కి ఆ తగ్గింపు లేదు. డబ్బున్నవాడు జీతం కట్టి 500 గంటలు మిగుల్చుకుంటాడు. లేనివాడు కొత్తవాళ్లకు విమానం నేర్పుతూ, చాలీచాలని కూలితో ఆ 500 గంటలూ పూర్తిచేస్తాడు. పేరు ప్రతిభకు, తగ్గింపు స్తోమతుకు.

ఇంకొక సంగతి. 2022లో రిపబ్లిక్ ఎయిర్‌వేస్ కంపెనీ, తన సొంత శిక్షణాలయంలో చదివినవారికి సైనికుల మాదిరే 750 గంటలు చాలునని అనుమతించమన్నది. ప్రభుత్వ సంస్థ నిరాకరించింది. నిరాకరించటమే న్యాయం. ధాన్యం కొనేవాడి చేతికే తక్కెడ ఇస్తే ఏమవుతుందో మన రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. పనివాళ్ల కోసం ఎదురుచూస్తున్న కంపెనీ, ఆ పనివాడు సిద్ధమయ్యాడా లేదా అని తానే తీర్పు చెప్పరాదు.

నూరుమందిని చంపితేగాని వైద్యుడు కాడని మనవాళ్లు వేళాకోళంగా అంటారు. ఆ వేళాకోళంలో అసలు నైతిక ప్రశ్న దాగి ఉంది: ఒకడి అనుభవానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు చోదకుడి గంటలు అడగలేడు, పట్టా చూడలేడు. ఆ పక్షాన అడగవలసింది సమాజం. చదువుకు తగ్గింపు ఇవ్వవలసిందే. కాని ఆ చదువు ప్రజల ఖర్చుతో అందరికీ అందాలి. దాని ఫలితాన్ని లాభాపేక్ష లేనివారు పరీక్షించాలి. గంటలు లెక్కపెట్టే చట్టమే కూలినీ నిద్రనూ కూడా లెక్కపెట్టాలి. అంతవరకు ఇది అర్హతకు ఇచ్చిన తగ్గింపు అని నమ్మటం కష్టం.